మందు తాగుతున్న పడవ

ఏమండీ,

ఇక్కడ నేనూ, పడవా, వంటింటి కుళాయీ ముగ్గురం క్షేమం. కుళాయికి మాత్రం కాస్త జలుబు. అక్కడ మీరూ అత్తయ్యగారూ ఆరోగ్యంగా ఉన్నారని, మీ కొత్త మ్యూజియంలో చలి కాస్త తగ్గిందని తలుస్తాను.

మీ ఉత్తరం నెల కిందటే అందింది. ఫోనులో అందిందని చెప్పి ఊరుకున్నాను గానీ, మీరు అడిగిన వాటికి జవాబు చెప్పలేదు. ఫోనులో ఏం చెప్పబోయినా మీరు "ఆఁ, ఆఁ" అంటూ అవతల ఎవరికో సైగలు చేస్తూ ఉంటారు. కనబడదనుకుంటారేమో, నాకు ఇక్కడికి తెలుస్తూనే ఉంటుంది. ఉత్తరమైతే మధ్యలో "ఉండు, మళ్ళీ చేస్తాను" అనడానికి మీకు వీలుండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చివర్లో ఉంటుంది. ముందే అక్కడికి వెళ్ళకండి. నవల కొని చివరి పేజీ ముందు చదివే మనిషి మీరు, నాకు తెలియదా.

తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. ఒక్క మనిషికి వండడం ఇంకా చేతకాలేదు. ఎంత తగ్గించినా ఇద్దరికి సరిపడా అవుతుంది. మిగిలింది మర్నాడు డబ్బాలో పెట్టుకుని మ్యూజియానికి తీసుకెళ్ళి మీ గదిలో కూర్చుని తింటాను. మీ గది అని ఇంకా నేనొక్కదాన్నే అంటున్నాను. ఇనుప వస్తువుల విభాగానికి నిధులు ఆపేసి మిమ్మల్ని అంత దూరం పంపించాక, పెద్దాయన ఆ గదికి తాళం వేయించారు. తర్వాత సభలకి వాడే కుర్చీలన్నీ తెచ్చి అందులో పేర్చారు. మీ బల్ల మీద కూడా నాలుగు ఎక్కించారు. నేను తాళంచెవి అడిగి తీసుకుని బల్ల మీద ఒక మూల ఖాళీ చేసుకున్నాను. అక్కడ మీ ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి. డబ్బా వాటి మీద పెడితే కాస్త ఒరుగుతుంది.

మా డైరెక్టరుగారిని పెద్దాయన అనడం మానలేదా అని కిందటిసారి మందలించారు. మానను. ఆయన ముందు కూడా అలాగే నోటికి వచ్చేస్తోంది.

కుళాయి సంగతి. ప్లంబర్ని పిలిచావా అని మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నారు. పిలిచాను. వచ్చాడు. చూసి, "వాషరు పోయిందమ్మా, అయిదు నిమిషాల పని" అన్నాడు. సంచీ కింద పెట్టి పాన చేతిలోకి తీసుకున్నాడు కూడా. నేను, "ఇవాళ వద్దులే, ఇంకోసారి రా" అని పంపేశాను. అతను తెల్లమొహం వేసి వెళ్ళిపోయాడు. మీరూ ఇప్పుడు అదే మొహం వేసి ఉంటారు. సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వస్తే ఇంట్లో ఏదో ఒకటి చప్పుడు చేస్తూ ఉండాలి కదండీ. ప్రస్తుతానికి ఆ కుళాయే చేస్తోంది. బక్కెట్టు పెట్టాను, నీళ్ళు వృథా పోవడం లేదు. తిట్టకండి.

ఇక పడవ. "నీ చెక్కకి డబ్బు వచ్చిందా" అని రాశారు. ఇనుము మనిషి కదా, మీకు అది ఎప్పటికీ చెక్కే. నది బురదలోంచి దాన్ని పైకి తీసిన రోజు నడుములోతు నీళ్ళలో నిలబడి తాడు పట్టుకున్నారు, తర్వాత ఏడాది నాతోపాటు కూర్చుని కుంచెతో దాని మట్టి కడిగారు, అయినా ఇప్పటికీ "ఎండబెడితే పోయేదానికి ఇన్నేళ్ళు నానబెట్టడం ఎందుకు" అనే రకమే మీరు. వందల ఏళ్ళు నీళ్ళలో ఉన్న చెక్కకి లోపల సారం ఉండదని, దాన్ని నిలబెడుతున్నది ఆ నీళ్ళేనని ఎన్నిసార్లు చెప్పానో. ఆ నీళ్ళని కొద్దికొద్దిగా తప్పించి, ఆ చోట్లోకి మైనం లాంటి మందు ఎక్కిస్తున్నాం. మధ్యలో మందు ఆగిపోతే అది ఇటు నీళ్ళకీ కాదు, అటు గాలికీ కాదు. బయటికి తీస్తే ఎండిన పాత చెప్పులా ముడుచుకుపోతుంది. ఇక దాన్ని పడవ అని ఎవరూ అనరు.

ఈ ఏడు ఆ మందు కొనడానికే డబ్బు లేకపోయింది.

ప్రభుత్వం ఇవ్వనని అనలేదు. నిధుల కోసం పైనుంచి వచ్చే అధికారి మీకు గుర్తుండే ఉంటారు, అందరం చాటుగా "సగం గారు" అంటామే, ఆయన. ఏ మాట ఎత్తినా, "ప్రజలు సగం తెస్తే ప్రభుత్వం సగం ఇస్తుందండీ" అంటారు. వాన పడుతోందా అని అడిగినా సగం పడుతోందనే చెబుతారేమో. మనిషి చెడ్డవాడు కాదు, ఆయన చేతిలో ఉన్న రూలు అది. ఏడాది పూర్తయ్యేలోగా మేము ఎంత విరాళం చూపిస్తే అంత ఇస్తారు. చూపించకపోతే సున్నాకి సున్నా.

విరాళాలకి పెద్దాయన నన్నే పంపారు. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాను. కొందరు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు, కొందరు మంచినీళ్ళు మాత్రమే ఇచ్చారు. నలుగురైదుగురు మర్యాదస్థులు చూడడానికి వచ్చారు. వస్తే ఏముంది చూడడానికి? రేకుల షెడ్డు, పెద్ద తొట్టి, అందులో టీ డికాషన్ రంగు నీళ్ళు, పక్కన గుడగుడమని పంపు. "పడవ ఎక్కడండీ" అంటారు. "అడుగున ఉందండీ" అంటాను. "ఎప్పుడు పైకి వస్తుంది" అంటారు. "ఇంకో రెండేళ్ళు పడుతుందండీ" అంటాను. అంతే, తలుపు ఎటువైపుందో చూసుకోవడం మొదలుపెడతారు. వాళ్ళని అనడానికి లేదు. నేనైనా అంతే చేసేదాన్నేమో.

అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఇది మీకు ఇంతవరకు చెప్పలేదు, నవ్వుతారని. మ్యూజియం ముందు హాల్లో పడవకి ఒక నకలు పెట్టిద్దామన్నాను. లోపల నానుతున్నది ఇలా ఉంటుందని జనానికి తెలిస్తే చేతులు జేబుల్లోకి వెళతాయి కదా అని. పెద్దాయన ఎగిరి గంతేసినంత పని చేశారు. మన వడ్రంగి మేస్త్రీని పిలిచి కొలతలన్నీ ఇచ్చాను.

మేస్త్రీ మంచి పనివాడే గానీ, అతనికి అందం పిచ్చి. ముందు భాగం కాస్త ఎత్తుగా లేపి వంపు తిప్పాడు. "అసలుదానికి ఈ వంపు లేదు మేస్త్రీ" అంటే, "లేకపోతే చూడ్డానికి ఏం బాగుంటుందమ్మా" అన్నాడు. లోపల అడ్డపలక మీద తెడ్డు వేసేవాళ్ళు కూర్చుని కూర్చుని అరిగిన గుంటలు రెండున్నాయి కదా, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. అవి కూడా ఉలితో చెక్కేశాడు, రెండూ ఒకే లోతుగా. "ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే పని రానివాడు చేశాడంటారమ్మా" అని నాకే నచ్చజెప్పాడు. ఆ గుంటలు బయటపడ్డ రోజు మీరన్న మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. తక్కువ అరిగింది పెళ్ళాందని, ఆవిడ తెడ్డు మొగుడికి ఇచ్చేసి గాలి పోసుకుంటూ కూర్చునేదని అన్నారు. ఆ రోజంతా మీతో మాట్లాడలేదు నేను.

నకలు పెట్టాక జనం విరగబడ్డారండీ. ఎక్కి కూర్చుంటున్నారు, ఫోటోలు దిగుతున్నారు, కొత్తగా పెళ్ళయిన జంటలైతే దిగమన్నా దిగరు. విరాళాలు కూడా రావడం మొదలయ్యాయి. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. అందరికంటే పెద్ద మొత్తం ఒక రంగుల కంపెనీ యజమాని ఇస్తానన్నాడు. ఇస్తూ ఒక షరతు పెట్టాడు. ముందు హాల్లో పడవకి మంచి రంగులు వేయించి, దీపాలు పెట్టించి, పక్కన తన పేరుతో ఇత్తడి పలక బిగించాలి. మిగిలిన దాతలు అది విని, మాకూ ఒక్కో చెక్క మీద పేరు కావాలన్నారు. ఎవరి డబ్బు చూసినా ఆ నకలుకే ముడిపడిపోయింది.

నేను ఆ యజమానిని బతిమాలి తొట్టి దగ్గరికి తీసుకొచ్చాను. చొక్కా చెయ్యి మడత పెట్టించి, నీళ్ళలో చెయ్యి పెట్టించాను. పలక తగలగానే టక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేంటమ్మా, ఇంత మెత్తగా ఉంది?"

"మందు పూర్తిగా ఎక్కితే గట్టిపడుతుందండీ. మీ డబ్బు దీనికిస్తే ఎక్కుతుంది."

చెయ్యి తుడుచుకుంటూ కాసేపు ఆ నీళ్ళకేసి చూశాడు. "చేతికి తగిలింది, కాదనను. కానీ నా పేరు దీని మీద రాయిస్తే ఎవరు చదువుతారు, చేపలా?"

"ఇందులో చేపలు ఉండవండీ."

"చూశారా, అవి కూడా లేవు" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను దుర్మార్గుడు కాడండీ. తను ఇచ్చింది కంటికి కనబడాలనుకున్నాడు, అంతే.

అయినా, ఎలా వచ్చినా విరాళం విరాళమే కదా అని పెద్దాయన ధైర్యం. సగం గారు వచ్చిన రోజు ఆయన్ని నేరుగా ముందు హాల్లోకే తీసుకెళ్ళారు. ఆయన పడవ చుట్టూ తిరిగి, వేలితో తట్టి, "దీని వయసెంతండీ" అన్నారు. అక్కడే నిలబడ్డ మేస్త్రీ మా ఎవరికీ అవకాశం ఇవ్వకుండా, "ఆరు నెలలు సార్. ఎక్కడా మేకు కనబడనివ్వలేదు, చూసుకోండి" అన్నాడు.

సగం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆరు నెలల పురాతన వస్తువుకి ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదండీ" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. దాతలు షరతులు పెట్టారు కాబట్టి ఆ విరాళాలు అసలు పడవ లెక్కలోకి రావట. చేసిందంతా నా తెలివే కాబట్టి నేను ఎవర్నీ అనడానికి లేదు. నకలుకి రంగులు, దీపాలు, కాపలా. అసలుదానికి ఒక పాత డ్రమ్ములో అడుగున మిగిలిన మందు.

షెడ్డులోకి వచ్చి పంపు పక్కన కూర్చున్నాను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు. ఇదివరకు ఏ గొడవైనా నాలుగు గదులు దాటి మీ దగ్గరికి వచ్చేదాన్ని. మీరు తుప్పు గీకుతూనే వినేవారు, సగం విని సగం మరిచిపోయేవారు, అయినా చెప్పాక బరువు దిగేది. ఇక్కడ బాగాలేదండీ నాకు. ఒంటరిగా ఉంది. ఉత్తరాల్లో ఎప్పుడూ ఇది రాయలేదు, మీరు అక్కడ దిగులు పడతారని. ఇవాళ రాసేస్తున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన చివరి మాటకి వస్తాను. "సెలవు పెట్టావా? టికెట్టు తీసుకోనా? అమ్మ నీ కోసం కిటికీ ఉన్న గది సర్దించింది" అని రాశారు. మూడేళ్ళుగా నేను సెలవు దాచుకుంటున్న సంగతి మీకు తెలుసు. జ్వరం వచ్చిన రోజు కూడా మాత్ర వేసుకుని పనికి వెళ్ళాను, ఒక్క రోజు తరిగితే అక్కడ మీతో ఒక్క రోజు తగ్గుతుందని. అంతా కలిపి ఒకేసారి వచ్చి, ఆ చలిలో అత్తయ్యగారి పక్కన కూర్చుని, మీరు పని నుంచి వచ్చే వేళకి తలుపు తీయాలని.

సగం గారు ఆ రోజు వెంటనే వెళ్ళిపోలేదు. షెడ్డులోకి వచ్చారు. తొట్టిలోకి వంగి చూశారు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి ముంచారు. చాలాసేపు అలాగే ఉంచారు. తర్వాత రూళ్ళ పుస్తకం తీసి నిలబడే పేజీలు తిప్పి, "అమ్మా, డబ్బే కానక్కర్లేదు, జీతం తీసుకోకుండా చేసిన పనిని కూడా విరాళంగా చూపించొచ్చు. ఎవరైనా ఉద్యోగి తన సెలవు వదులుకుని ఆ రోజులు దీనికి పనిచేస్తే ఆ రోజుల విలువకి సమంగా మేమిస్తాం. కానీ అలా ఎవరు చేస్తారు లెండి" అన్నారు. అని, పుస్తకం మూసేశారు.

పెద్దాయన నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. అడిగి ఉంటే నాకు ఒళ్ళు మండేది, కాదనేదాన్నేమో. అడగలేదు.

నేను చేస్తానన్నాను. దాచుకున్న సెలవంతా, వచ్చే రెండేళ్ళలో వచ్చే సెలవు కూడా, ఆదివారాలతో సహా. తొట్టి మీద తెట్టు తీయడం, పంపు చూసుకోవడం, మందు పాళ్ళు సరిచూడడం. చెక్కకి మందు పూర్తిగా ఎక్కేదాకా నేను ఇక్కడి నుంచి కదలడానికి లేదు. ఒప్పుకుని సంతకం పెట్టాను. సంతకం పెట్టేముందు సగం గారు కలం నాకిస్తూ అడిగారు.

"ఇంట్లో అడిగారామ్మా?"

"అడిగానండీ."

"ఏమన్నారు?"

"ఆఁ అన్నారండీ."

అలా అబద్ధం చెప్పాను. మీరు ఆఁ అనలేదు. అసలు మిమ్మల్ని అడగనే లేదు. అడిగితే వద్దంటారని కాదు, సరే నీ ఇష్టం అంటారని భయం. ఆ మాట మీ గొంతులో వింటే నేను సంతకం పెట్టకుండా టికెట్టు కొనేసేదాన్ని. మీ ఉత్తరం అప్పటికే అంది రెండు రోజులైంది. సంచీలోనే ఉంది.

డబ్బు వచ్చిందండీ. సగం గారు మాట నిలబెట్టుకున్నారు. మందు డ్రమ్ములు నిన్న దిగాయి. పెద్దాయన తనే నిలబడి దింపించారు, దింపించాక షెడ్డు బయట ముక్కు చీదుకుంటూ కనబడ్డారు. నాకు సంతోషంగానే ఉంది. ఒకవైపు సంతోషంగా ఉంది. అత్తయ్యగారికి ఏం చెబుతారో నాకు తెలియదు. ఆ గదిలో కిటికీ తెరలు ఏ రంగువి వేయించారో రాయమని ఆవిడని అడగండి. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

సంతకం పెట్టిన సాయంత్రం అందరూ వెళ్ళాక తొట్టి దగ్గరికి వెళ్ళి భుజం దాకా చెయ్యి పెట్టాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. అడ్డపలక వెతికి పట్టుకుని, ఆ రెండు గుంటలూ తడిమాను. ఒకటి లోతుగా ఉంది, ఒకటి పైపైన ఉంది. మీరన్న మాట తప్పండీ. ఆ రెండో మనిషి సోమరిపోతు కాదు, గాలి పోసుకుంటూ కూర్చోనూ లేదు. ఎవరో పని ఉందని పంపిస్తే మధ్యలో ఏదో ఒడ్డున దిగిపోయి ఉంటారు. మిగిలిన మనిషి ఒక్కరే చాలా కాలం తెడ్డు వేశారు. అందుకే అంత లోతుగా అరిగింది.

మిమ్మల్ని అనడం లేదు. మీరు దిగిపోలేదు, మిమ్మల్ని దింపేశారు. నేను కూడా మిమ్మల్ని అడగకుండా రెండేళ్ళు ఒడ్డునే నిలబెట్టేశాను. మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నాకు సెలవు లేదు గానీ మీకుంది, ఎంతో కొంత. నాలుగు రోజులైనా సరే. కుళాయికి వాషరు మీరే వేద్దురుగాని, అప్పటిదాకా ప్లంబర్ని రానివ్వను. ఎంత కోపమొచ్చినా జవాబు రాయకండి, ఫోనూ చేయకండి. వచ్చి తిట్టండి.

ఇట్లు,
తిట్లు పడడానికి సిద్ధంగా ఉన్న
మీ ఆవిడ